నాటకం పేరు ఇక్కడ వస్తుంది

రాష్ట్రంలో చెట్లు నాటే పని దాదాపు పూర్తయిందనీ, ఇక మిగిలింది ఆ చెట్ల గురించి నాటకాలు వేయడమేననీ హరిత కళా ప్రచార మండలి చైర్మన్ కరుణాకర్ గారు బషీర్‌బాగ్‌లో విలేకరులను పిలిచి ప్రకటించారు. ఉత్సవం పేరు ‘హరిత రంగస్థలం’. పన్నెండు రోజులు, పన్నెండు నాటకాలు, చిక్కడపల్లి ఆడిటోరియంలో. టికెట్టు లేదు, ప్లాస్టిక్ లేదు.

“నాటకం అనే మాటలనే నాటుడు ఉన్నది,” అని ఆయన వివరించారు. “మొక్క నాటితే చెట్టయితది. నాటకం నాటితే అడవే అయితది. మన పెద్దలు ఎప్పుడో చెప్పిన్రు.”

ఏ పెద్దలు చెప్పారో విలేకరులు అడగలేదు. అప్పటికే సమోసాలు వచ్చాయి. ప్లాస్టిక్ లేదన్న మాటకు కట్టుబడి వాటిని చేతుల్లోనే పెట్టారు. నీళ్లు మాత్రం సీసాల్లో ఇచ్చారు. నీళ్లను చేతుల్లో పెట్టడం కుదరదు కదా.

ఈ మహత్కార్యానికి పోస్టర్లు, బ్రోచర్లు తయారుచేసే భాగ్యం నారాయణగూడలోని ఒక చిన్న ప్రెస్‌కు దక్కింది. అక్కడి డిజైనర్ వీణ. గ్రూప్స్ కోచింగ్ కోసం జనగామ దగ్గరి పల్లె నుంచి అశోక్‌నగర్ హాస్టల్‌కు వచ్చింది. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ, ఆ ఎదురుచూపులోనే ఫొటోషాప్ నేర్చుకుంది. మూడేళ్లుగా పెళ్లిపత్రికలు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు చేస్తోంది. ఒకే పాస్‌పోర్టు ఫొటోను నాలుగు సెంటర్ల ఫ్లెక్సీల మీద ఫస్టు ర్యాంకుగా అమర్చిన అనుభవం ఆమెకుంది. నాటకానికి పోస్టర్ చేయడం మాత్రం ఇదే మొదలు.

అందుకే ఒక పొరపాటు చేసింది. పోస్టర్ చేసే ముందు నాటకం చూద్దామని వెళ్లింది.

మొదటి రోజు వేయాల్సిన నాటకం ‘చెరువు మీద ఇల్లు’. చిక్కడపల్లిలో ఒక మిద్దె మీద, ఆరేసిన బట్టల మధ్య రిహార్సల్ జరుగుతోంది. దర్శకురాలు యశోదమ్మ గారు రిటైరైన టీచర్. నలభై ఏళ్లుగా నాటకాలు వేస్తున్నారు. ముఖ్యపాత్ర కురుమమ్మది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, కవాడిగూడ బస్తీలో ఉంటూ, పొద్దున్నే అడ్డా మీద నిలబడి కూలికి పోయే మనిషి. చదువు రాదు. యశోదమ్మ గారు ఒకసారి చదివి వినిపిస్తే చాలు, పట్టేస్తుంది. ఈ నాటకంలో పట్టుకోవాల్సింది కూడా ఏమీ లేదు. కథ ఆమెదే.

కురుమమ్మ ఖాళీ తట్ట ఒకటి నడుముకు ఆనించుకుని ముందుకొచ్చింది.

“చెరువు పూడ్సింది నేనే,” అన్నది. “నెల దినాలు మట్టి మోసిన. ఆఖరి దినం తట్ట గుమ్మరిస్తే కింద నీళ్లు కదిలినయి. పానమున్నదాన్ని పూడ్సినట్టయింది. మేస్త్రితోటి చెప్పిన. ఇంకో తట్ట పోయమన్నడు.”

వీణ గబగబా మెట్లు దిగింది. తిన్నగా ప్రెస్‌కు వచ్చి కూర్చుంది. మట్టిరంగు కాగితం మీద బోర్లించిన తట్ట. దాని కింద సన్నటి నీలిగీత. ఆపైన నాటకం పేరు. అంతే. మూడేళ్లలో మొదటిసారి, తను చేసినదాన్ని ఇంకొకరికి చూపించాలనిపించింది.

మండలిలో ప్రచారం చూసే అధికారి శశాంక్ దాన్ని చాలాసేపు చూశారు.

“మస్తుంది సిస్టర్. సార్ ఫొటో ఏది?”

“ఇది నాటకం పోస్టర్ కద సార్.”

“నాటకాలు ఎవరు పెడ్తున్నరు?”

“చైర్మన్ సార్.”

“మరి?”

ఈ వాదనకు తిరుగులేదు. వీణ ఫొటో పెట్టింది.

రెండో డిజైన్‌లో తట్ట పోయింది. గరీబు లుక్ వస్తోందని. మూడో దాంట్లో మట్టిరంగు పోయి ఆకుపచ్చ వచ్చింది. అయిదో దాంట్లో చెట్టు వచ్చింది. ఏడో దాంట్లో ఆ చెట్టు చైర్మన్ గారి కన్నా పొడుగుగా ఉందని అభ్యంతరం వచ్చింది. తొమ్మిదో దాంట్లో ఇద్దరినీ సమానం చేస్తే, చెట్టును నెత్తినెక్కించుకున్నట్టుందన్నారు. చివరికి పదకొండో డిజైన్ దగ్గర కరుణాకర్ గారే స్వయంగా పూనుకుని చిక్కుముడి విప్పారు. పెద్దవాళ్ల ఆలోచనే వేరు.

“చెట్టూ నేనూ ఇద్దరం ఎందుకమ్మా? నన్నే చెట్టు చెయ్యరాదు?”

చేసింది. నడుము దాకా మాను, భుజాల నుంచి కొమ్మలు, తల చుట్టూ ఆకులు. ఆయనకు జుట్టు పలచన. ఆకులు గుబురుగా పడటం ఆయనకు మరీ నచ్చింది. పన్నెండు నాటకాల పేర్లు కింద వేళ్ల మధ్యకు, చీమల్లాంటి అక్షరాల్లోకి దిగాయి.

“వేళ్లు పైకి కనపడయి కద,” అన్నారు శశాంక్. “గట్లుంటెనే నేచురల్. ఇగ దీన్నే నలభై ఫీట్ల ఫ్లెక్సీ కొట్టియ్యి.”

“ఫ్లెక్సీ అంటే ప్లాస్టికే కద సార్?”

“దాని మీద ఏమని రాసిండ్రు?”

“‘ప్లాస్టిక్ వాడకండి’ అని.”

“మరి ప్లాస్టిక్ ఎట్లయితది సిస్టర్? అది అవేర్‌నెస్.”

అవేర్‌నెస్ ఆడిటోరియం ముందు లేచింది. లేచాక చూస్తే, అక్కడున్న రెండు కానుగ చెట్లు చైర్మన్ గారి ముఖానికి సరిగ్గా అడ్డం వస్తున్నాయి. మర్నాడు పొద్దున్నే మనుషులు వచ్చి రంపాలు పెట్టారు. వీణ అటుగా వచ్చేసరికి మొండేలు మాత్రమే మిగిలాయి. శశాంక్ ఆ పనిని ‘విజిబిలిటీ ప్రూనింగ్’ అని ఫైల్లో రాసుకున్నారు. నీడ పోయిన చోట షామియానా వేయించారు. ఆకుపచ్చదే.

ఇక మిగిలింది బ్రోచర్. ఉత్సవానికి ప్రధాన స్పాన్సర్ నీలజలం వెంచర్స్. దాని యజమాని భాను గారు ప్రకృతి ప్రేమికులు. నీళ్లు కనిపిస్తే చాలు, పక్కనే ప్లాట్లు వేస్తారు. ఆయన బ్రోచర్ ప్రూఫ్ చూసి మొదటి పేజీ దగ్గరే ఆగారు.

“‘చెరువు మీద ఇల్లు’. టైటిల్ మంచిగనే ఉన్నది. కని కస్టమర్లకు నెగెటివ్ పోతది. ‘చెరువు పక్కన ఇల్లు’ అంటే?”

“పక్కన కాదు బాబూ,” అన్నారు, పిలిపిస్తే వచ్చి కూర్చున్న యశోదమ్మ గారు. “మీదనే.”

పేరు తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీ మూడుసార్లు కూర్చుంది. ‘నీటి నవ్వు’ అన్నారు, ‘మన నీరు మన ఊరు’ అన్నారు, ‘కరుణాజలం’ అన్నారు. ఏదీ తేలలేదు. బ్రోచర్ పేజీలు సర్దుకోవాలి కాబట్టి వీణ ఆ చోట పెద్దక్షరాలతో ‘నాటకం పేరు ఇక్కడ వస్తుంది’ అని టైపు చేసి, గుర్తు కోసం వదిలి, ప్రూఫ్ పంపింది. సాయంత్రానికి ప్రతి పేజీ మీదా చైర్మన్ గారి సంతకంతో తిరిగొచ్చింది.

వీణ శశాంక్‌కు ఫోన్ చేసింది. “సార్, ఫస్టు పేజీల పేరు ఇంకా పెట్టలే.”

“సార్ సంతకమైనంక అచ్చరం మార్చుడు లేదు సిస్టర్.”

“కని సార్, అది పేరు కాదు...”

“సార్ చూసిండు, ఓకే అన్నడు. సార్ కన్న మీకెక్కువ తెలుసా?”

అయిదు వేల కాపీలు అచ్చయ్యాయి. వీణ ఒక కాపీ పట్టుకుని చిక్కడపల్లి మిద్దె ఎక్కింది. తప్పు తనదేనని చెప్పాలనుకుంది. బ్రోచర్ చేతికిచ్చి నిలబడింది. యశోదమ్మ గారు కళ్లజోడు పెట్టుకుని చదివి, మడిచి పక్కన పెట్టారు.

“పేరు పోతే పోనీ బిడ్డా. కురుమమ్మ స్టేజీ మీద నిలబడి మాట్లాడుతది. నాకు గది చాలు.”

ఉత్సవం మొదలైంది. మొదటి రోజు ఫ్లెక్సీ ఆవిష్కరణ. అతిథుల ప్రసంగాలయ్యేసరికి హాలు వదిలిపెట్టాల్సిన వేళైంది. రెండో రోజు బ్రోచర్ ఆవిష్కరణ. మూడో రోజు లోగో. నాలుగో రోజు ఆ లోగో ఉన్న బ్యాడ్జీ. అయిదో రోజు, అంతవరకు జరిగిన ఆవిష్కరణల ఫొటోల ఆల్బమ్. ప్రతి మధ్యాహ్నం కురుమమ్మ పని సగంలో వదిలి వచ్చి, ముఖానికి రంగు వేయించుకుని, తట్ట ఒళ్లో పెట్టుకుని తెర పక్కన కూర్చునేది. మిగతా పదకొండు బృందాలూ ఆమె వెనక వరుసగా కూర్చునేవి. సాయంత్రానికి అందరూ రంగు కడుక్కుని వెళ్లేవారు.

హాలు మాత్రం నిండుగానే ఉండేది. అశోక్‌నగర్ హాస్టళ్ల నుంచి పిల్లలు నోటుబుక్కులతో వచ్చేవారు. వాళ్లలో రచన అనే అమ్మాయి వీణను ఆపి అడిగింది: “అక్కా, లోగోల ఆకులు ఎన్ని? కరెంట్ అఫైర్స్‌ల బిట్ వస్తదంటున్నరు.”

“పదిహేడు,” అంది వీణ. నిజానికి లెక్కపెట్టలేదు.

ఏడో రోజు అద్భుతం జరిగింది. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది. ఈలోగా ఏదైనా నాటకం ఉంటే అయిదు నిమిషాల్లో అయిపోగొట్టమని శశాంక్ పరుగున వచ్చి చెప్పారు. తెర లేచింది. కురుమమ్మ తట్టతో వెలుతుర్లోకి నడిచి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే అతిథి లోపలికొచ్చారు. అందరూ లేచి నిలబడ్డారు. అతిథులకు ఇవ్వాల్సిన మొక్కల కుండీలు స్టేజీ కింద ఉన్నాయి. పైకి మోసేవాళ్లు లేరు. శశాంక్ కళ్లు తట్ట మీద పడ్డాయి.

“అమ్మా, ఖాళీగనే ఉన్నది కద!”

పద్నాలుగు మంది అతిథులకు పద్నాలుగు కుండీలు కురుమమ్మ మోసింది. యశోదమ్మ గారు తెర పక్కన నిలబడి చీరకొంగు పిడికిట బిగించడం వీణ చూసింది. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. కింద ఇలా ఉంది: ‘నాటకం పేరు ఇక్కడ వస్తుంది’లో హృద్యమైన ఒక దృశ్యం.

ముగింపు రోజు బహుమతులు. న్యాయనిర్ణేతల సంఘం బ్రోచర్‌ను ఆమూలాగ్రం చదివి తీర్పు ఇచ్చింది. ఉత్తమ ప్రదర్శన: ‘నాటకం పేరు ఇక్కడ వస్తుంది’.

“ప్రకృతికి మనిషి పెట్టిన పేర్లన్నీ వ్యర్థమని ఆ పేరే చెబుతోంది,” అని సంఘం అధ్యక్షుడు చదివారు. “వస్తుంది, వస్తుంది అంటూ రాని వానను తలపిస్తోంది. ప్రదర్శన చూసి మేమంతా కంటతడి పెట్టాం.”

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. రచన కూడా పేరు రాసుకుని కింద రెండు గీతలు గీసింది. యశోదమ్మ గారు కుర్చీలోంచి లేవలేదు.

“నా నాటకం పేరు గది కాదు,” అన్నారు. “నేను పోను.”

“అమ్మా,” అంది కురుమమ్మ. “ఆడ మైకు ఇస్తున్నరు. నేను పోత.”

పోయింది. చైర్మన్ గారు జ్ఞాపిక చేతికిచ్చారు. శశాంక్ మైకు అందించి, “రెండు మాటలు చాలు, థ్యాంక్స్ చెప్పి దిగు,” అన్నారు. కురుమమ్మ జ్ఞాపికను నడుముకు ఆనించుకుంది. వీణకు ఆ భంగిమ తెలుసు. ముందుకు వంగి కూర్చుంది.

“చెరువు పూడ్సింది నేనే,” అంది కురుమమ్మ.

చివరి దాకా చెప్పింది. నెల దినాలూ, ఆఖరి తట్టా, కింద కదిలిన నీళ్లూ. “మేస్త్రితోటి చెప్పిన. ఇంకో తట్ట పోయమన్నడు.” పిల్లల పెన్నులు ఆగిపోయాయి. యశోదమ్మ గారు కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నారు, ఒక్కో మాటా లోపల సరిచూసుకుంటూ. వీణ ఆమె చేయి పట్టుకుంది.

చైర్మన్ గారు మొదట తేరుకున్నారు. “వాహ్! కష్టజీవి! ఎంత సహజంగ మాట్లాడింది! చప్పట్లు గట్టిగ!” అన్నారు. భాను గారైతే ముందు వరసలో లేచి నిలబడి కొట్టారు. ఆ వెంటనే స్టేజీ మీదివాళ్లు జనగణమన అందుకున్నారు.

బయట మెట్ల దగ్గర వీణ ఆటో కోసం చూస్తుంటే, యశోదమ్మ గారూ కురుమమ్మా ఆమె పక్కన నిలబడ్డారు. చాలామంది వచ్చి నమస్కారం పెట్టి పోతున్నారు. భాను గారు కారు ఎక్కబోయి, వెనక్కి తిరిగి, తిన్నగా కురుమమ్మ దగ్గరికి వచ్చారు.

“అమ్మా, నువ్వు చెప్పింది ఉత్తదా, నిజంగనే మోసినవా?”

“నిజంగనే మోసిన సార్.”

“నాకు గిదే పరేషాన్. ఎక్స్‌పీరియెన్స్ ఉన్నోళ్లు దొరుకుతలేరు. ఫేజ్ టూ షురూ చేస్తున్నం. మీ బస్తీలకెల్లి ఇరవై మందిని తోలుకొని రారాదు?”

కురుమమ్మ జ్ఞాపికను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“చెరువుల ఇంక నీళ్లున్నయా సార్?”

“ఉన్నయి గాబట్టే గదమ్మా పిలుస్తున్న.”