పిల్లల కోసం వచ్చిన స్టీరింగు

శనివారం పొద్దున లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. లైబ్రరీలోని పిల్లల గదికి ఎవరో దాత పంపిన టీవీ ఆటను కూతురి చేతికిచ్చి కాసేపు ఆడించడం, అది పిల్లలకు తగునో తగదో గమనించి అభిప్రాయం రాసేయడం, ఆ తరువాత వారం రోజుల బట్టల పని పట్టడం. లైబ్రరీలో టీవీ ఆటేమిటని కమిటీ అధ్యక్షురాలు అప్పటికే ముఖం చిట్లించి ఉంది. తగదంటే దాత అలుగుతాడు, తగునంటే అధ్యక్షురాలు అలుగుతుంది. ఎటొచ్చీ మధ్యలో నలిగేది లైబ్రేరియనే.

ఆట చూడడానికి అమాయకంగానే ఉంది. చేతిలో ఇమిడే చిన్న స్టీరింగు, దానికి తోకలా ఒక వైరు. వైరు కొస టీవీ వెనక గుచ్చితే తెర మీద రోడ్డు, రోడ్డు నిండా పందెం కార్లు. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే కూతురు సోఫా అంచున కూర్చుని మొదటి మలుపు తిప్పిందో లేదో, వెనకనుంచి మామగారి గొంతు వినబడింది.

"స్టీరింగు పట్టుకునే తీరేనా అది? ఇలా తే."

మామగారు బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. కళ్ళకు ఆపరేషన్ అయినప్పటి నుంచి కొడుకు ఆయన్ను సైకిలు కూడా ముట్టనివ్వడం లేదు. ఇన్నాళ్ళకు చేతికి చక్రం తగిలేసరికి ఆయన నడుము దానంతటదే నిటారుగా నిలబడింది. కారును ఓ పక్కగా, నింపాదిగా పోనిచ్చారు. వెనకొచ్చిన ప్రతివాడికీ దారి ఇచ్చారు. ఎర్రలైటు కనబడగానే ఆపేశారు.

"తాతయ్యా, ఇది పందెం! ఆగకూడదు!"

"పందెం లేదు, గిందెం లేదు. ఎర్రలైటు పడితే నీ తాతైనా ఆగాల్సిందే."

"మా తాతవి నువ్వే కదా. ఆగావు. ఓడిపోయాం."

ఆ మాట పెద్దాయనకు ఎక్కడో గుచ్చుకుంది. తరువాతి పందెంలో ఒక లైటును చూసీ చూడనట్టు దాటేశారు. ఆ పై పందెంలో లైట్ల వంక చూడడమే మానేశారు. సరిగ్గా ఆ సమయానికి అధ్యక్షురాలు ఫోను చేసింది.

"ఏమ్మా, చూశారా? ఎలా ఉంది?"

లైబ్రేరియన్ నోరు తెరిచేలోగా హాలు దద్దరిల్లింది.

"గుద్దేశానమ్మాయ్! పాలబండిని గుద్దేశాను! ఆగడమా? నేనా? పోలీసులు వెనకాలే వస్తున్నారు, పట్టుకోమను చూద్దాం!"

"ఎవరమ్మా అది?" అంది అధ్యక్షురాలు, గొంతు తగ్గించి.

"మా మామగారండీ. స్టీరింగు పట్టి చాలా కాలమైంది కదా, కాస్త తడబడుతున్నారు. మీరేం కంగారుపడకండి, ఇప్పుడే..."

తన వంతు కోసం ఎగబడుతున్న పిచ్చుక మోచేయి తగిలి ఫోను కిందపడింది. పడ్డది మళ్ళీ నోరు తెరవలేదు.

అధ్యక్షురాలు చూస్తూ ఊరుకునే రకం కాదు. వెంటనే లైబ్రేరియన్ భర్త క్లినిక్కుకు ఫోను కొట్టింది. అతను పళ్ళ డాక్టరు. అప్పుడే ఒక ప్లీడరుగారి దవడకు మత్తు సూది వేసి, అది ఎక్కడం కోసం ఎదురుచూస్తున్నాడు.

"మీ నాన్నగారు పాలబండిని గుద్దేసి పారిపోతున్నారు. మీ ఆవిడ కూడా పక్కనే ఉంది. పోలీసులు వెంటపడుతున్నారు. నేనూ బయల్దేరుతున్నా" అంది ఆమె, ఊపిరి తీసుకోకుండా.

డాక్టరు ఇంటికి ఫోను చేస్తే మోగనైనా లేదు. కుర్చీలోంచి ప్లీడరుగారు సగం నోటితోనే లేచారు.

"ఫయఫడకంఫి. ఫెయిలు సంగతి నేను సూసుకుంతా."

దారిలో పాలకేంద్రం దగ్గర డాక్టరు కారాపి, "పాలబండి వచ్చిందా?" అని అడిగాడు.

"ఇంకా లేదండీ. ఎప్పుడూ ఇంత ఆలస్యం కాదు. ఏమైందో ఏమో!"

"మా నాన్న గుద్దేశాడు" అన్నాడు డాక్టరు, తనలో తాను అనుకుంటున్నానని అనుకుని. క్యూలో ఉన్నవాళ్ళంతా ఖాళీ గిన్నెలతో సహా కారు పోయిన దిక్కుగా నడక సాగించారు.

లైబ్రేరియన్ తలుపు తీసేసరికి ఎదురుగా పాలిపోయిన భర్త. అతని పక్కన మెడకు క్లినిక్కు తువ్వాలుతో, ఒక బుగ్గ జారిపోయిన ప్లీడరుగారు. వాళ్ళ వెనక రొప్పుతూ అధ్యక్షురాలు. ఆమె వెనక వీధి మలుపు దాకా గిన్నెలే గిన్నెలు.

"నాన్నేడి?" అన్నాడు భర్త.

"లోపల డ్రైవింగులో ఉన్నారు."

"ఈసారి ఇద్దర్ని లేపేశాను!" అని లోపల్నుంచి కేక వినబడింది. డాక్టరు గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"ఏమీ ఒఫ్ఫుకోకంఫి!" అని అరిచారు ప్లీడరుగారు.

"అయ్యయ్యో, ఈయనకి పక్షవాతం వచ్చినట్టుందండీ! కూర్చోబెట్టండి ముందు!" అని లైబ్రేరియన్ ఆయన్ను రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. మిగతావాళ్ళూ పొలోమని వెంటపడ్డారు. హాలులో టీవీ తెర మీద పాలబండి బోల్తా పడి ఉంది. మామగారు చిన్న స్టీరింగు పట్టుకుని, ఇంతమంది జనం ఎందుకొచ్చారో తెలియక చూస్తున్నారు.

ఇంతలో బయట అసలు పాలబండి హారను మోగింది. దానికి దారిలో టైరు పంచరైందట. గిన్నెలన్నీ అటు పరిగెత్తాయి.

"దీనికోసమా నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది?" అంది అధ్యక్షురాలు. నిజంగానే ఆమె కాళ్ళకు రెండు రకాల చెప్పులున్నాయి. "ఇటివ్వండి. పిల్లల చేతికి ఇవ్వదగిన వస్తువో కాదో నేనే తేలుస్తాను."

మొదటి పందెంలో ఆమె చెట్టును గుద్దింది. ఆట సరిగ్గా పరిశీలించడానికి వీలుపడలేదని ఇంకోటి ఆడింది. అందులో పోలీసుల్నే గుద్దింది. అవతలి పక్షం వాదన కూడా వినాలంటూ ప్లీడరుగారు చక్రం లాక్కున్నారు. బ్రేకు ఎక్కడుందో చూపిస్తానని వంగిన డాక్టరు మళ్ళీ లేవలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళందరిలో అనుభవం తనదేనని మామగారు మధ్యమధ్య గుర్తుచేస్తూ వచ్చారు.

"నా వంతెప్పుడు?" అంది పిచ్చుక.

"ఉండమ్మా. ఇది పిల్లలకి మంచిదో కాదో పెద్దవాళ్ళం చూడాలి కదా" అంది అధ్యక్షురాలు, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

పిచ్చుక ఇంకోసారి అడిగింది. తరువాత అడగడం మానేసింది. మధ్యాహ్నం దాటేసరికి ప్లీడరుగారికి మత్తు దిగి పన్ను సలపడం మొదలైంది. అయినా "ఈ ఒక్క పందెం అవనివ్వండి" అంటూ బుగ్గ పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. బట్టల మూట వంక ఓసారి చూసి, పిచ్చుక ఏమైందోనని లైబ్రేరియన్ లోపలి గదిలోకి వెళ్ళింది. కిటికీ పక్కన బోర్లా పడుకున్న పిల్ల, అలమరలోంచి తీసుకున్న లావుపాటి కథల పుస్తకంలో చివరి పేజీకి వచ్చేసింది. తల్లి వచ్చిన అలికిడికి తలెత్తి, "ఇంకోటి ఉందా?" అంది.

లైబ్రేరియన్ అక్కడే కూర్చుని ఒక్క వాక్యంలో అభిప్రాయం రాసేసింది. అధ్యక్షురాలు దాన్ని చదవకుండానే, ఒక్క చేత్తో సంతకం పెట్టింది.

"పెద్దలు ఆడుతున్నంతసేపూ ఈ ఆట పిల్లల్లో పఠనాసక్తిని పెంచుతుంది."