కాసమ్మ మంచుబండి

బుధవారం పొద్దున గంజి తాగుతూ కొండలు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆదివారంలోగా కుక్కలంటే భయం పోగొట్టుకోవాలి.

కొండలుది ఒడిశా తీరంలోని చమఖండి. ముప్పై ఏళ్లుగా సముద్రంలో వేట. అల ఇంటెత్తున లేచినా చుక్కాని వదలడు. ఒడ్డున కుక్క ఆవలిస్తే మాత్రం తిరిగి పడవెక్కేస్తాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

అతని కూతురు రింకి బరంపురంలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేస్తోంది. ఈ ఏడు బాగా చేసిందని ఆఫీసువాళ్లు ఆమె అమ్మానాన్నలకు చలికాలం ఫిన్లాండు వెళ్లే గుంపులో రెండు చోట్లు ఇచ్చారు. మంచులో నడక, గడ్డకట్టిన చెరువుకు కన్నం పెట్టి చేపలు పట్టడం, జంతువులు లాగే బండెక్కి అడవిలో తిరగడం. పేర్లూ, ఎక్కే బండీ ఆదివారం సాయంత్రంలోగా చెప్పాలి.

"మనం సేపలకి ఐసు మోస్తన్నాం, ఆళ్లు ఐసులోంచి సేపలు లాగతన్నారు. ఆళ్లదే సులువు పని," అన్నాడు కొండలు.

అతని భార్య కాసమ్మకు చేపల మీద ధ్యాస లేదు. ఫోనులో ఆరు కుక్కలు ఒక బండిని మంచు మీద లాక్కుపోవడం చూసింది. నాలుగుసార్లు చూసింది.

"ముప్పై ఏళ్లు గంప నెత్తినెట్టుకుని మోసినాను. ఒక్కపాలి నన్నెవులైనా లాక్కెల్తే కూకుంతాను, రింకి అయ్యా," అంది.

పెళ్లయ్యాక ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. కొండలు "సరే" అన్నాడు. అన్నాక చెమట పట్టింది.

ఆ బుధవారం పొద్దునే లుంగీ మడతలో ఎండు నెత్తళ్ల చేపలు పోసుకుని, వలల కుప్ప వెనక నిలబడి, దూరం నుంచి విసిరాడు. రెండు కుక్కలు వచ్చాయి. గురువారం ఐదయ్యాయి. శుక్రవారం తొమ్మిది. అవి దగ్గరికి వచ్చిన కొద్దీ కొండలు వెనక్కి జరిగాడు. మొత్తం మీద దూరం మాత్రం తగ్గలేదు.

శనివారం పళ్లు బిగించి, ఒక నల్లకుక్క ముందు కూర్చుని చేత్తో పెట్టాడు. కళ్లు మూతపడ్డాయి. పెదాలు ఆడుతూనే ఉన్నాయి. "కరవకే తల్లీ, కరవకే తల్లీ" అంటున్నాడు.

వలల కుప్పకు ఇటువైపు పైడన్న కూర్చుని వల కుడుతున్నాడు. అతను కొండలు పడవలో పనిచేసే పాత మనిషి. అతను చూసింది ఇంతే: శనివారం, నల్లకుక్క, మూసిన కళ్లు, పెదాల మీద మంత్రం. ఇక చెప్పేదేముంది? పడవలో పనిచేసే తక్కిన ముగ్గురినీ పిలిచాడు.

"మావకి శని పట్టిందర్రా. నల్లకుక్కకి మేపతన్నాడు."

"మరెలగ?"

"ఎలగేటి? శనినెక్కించుకుని సముద్రానికి ఎవుడెల్తాడు?"

"ఆ మాట మావతో అంతే బాద పడతాడు గదా."

"అనకండి. కడుపునొప్పని సెప్పండి."

ఆదివారం తెల్లారేసరికి పడవ దగ్గర నలుగురూ పొట్టలు పట్టుకుని నిలబడ్డారు.

"నలుగురికీనా?" అన్నాడు కొండలు.

"ఒక్క కూరే తిన్నాం మావా."

కొండలు లోలోపల సంతోషించాడు. గడువు ఈ రోజే. రోజంతా కుక్కలతో గడపవచ్చు. నెత్తళ్లు లుంగీలో పోసుకుని, కుక్కలొచ్చే వైపు చూస్తూ ఒడ్డున నిలబడ్డాడు.

చమఖండిలో ఒక అలవాటు ఉంది. పెద్ద తుపాను వచ్చిన ఏడు, రేడియో చెప్పకముందే కొండలు పడవను ఒడ్డు మీదికి లాగేశాడు. అప్పటినుంచి ఫోనులో ఏ వాతావరణ కబురొచ్చినా, జనం ముందు కొండలు పడవ వైపు చూస్తారు. ఆ రోజు అది కదలలేదు. యజమాని చూస్తే ఉత్తరంగా కన్నార్పకుండా చూస్తున్నాడు.

పక్క పడవవాడు వచ్చి అడిగాడు. "ఎల్లనేదేటి మావా?"

"ఇయ్యాల ఒద్దురా."

"ఏటైనా ఒస్తందా?"

కొండలు అప్పటికి పదకొండు దాకా లెక్కపెట్టాడు. తల తిప్పకుండానే చెప్పాడు. "ఒస్తన్నాయి. జోరుగానే ఒస్తన్నాయి."

అరగంటలో నలభై పడవలు ఒడ్డెక్కాయి. చేపల కోసం బరంపురం నుంచి వచ్చిన లారీ ఖాళీగా వెనక్కి పోయింది. డ్రైవరు దారిలో ఎవరికి ఏం చెప్పాడో గాని, వార్డు మెంబరు పూర్ణచంద్ర ఆటోకు మైకు కట్టుకుని వచ్చేశాడు. "తుపాను! అందరూ షెల్టరుకి రండి! పిల్లలు, ముసలోళ్లు ముందు!" అని ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి అరిచాడు. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు.

"ఆ యేడూ ముందు ఇలాగే తెల్లగుంది," అంది ఒక ముసలమ్మ. దాంతో అనుమానమున్నవాళ్లు కూడా మూట కట్టారు. షెల్టరులో అటుకులు, బెల్లం పంచడం మొదలైంది.

మైకు విని కొండలు ఇంటికి పరిగెత్తాడు. వాకిట్లో ఆరబోసిన నెత్తళ్లన్నీ కాసమ్మ పడవ తాలూకు పెద్ద ఐసు పెట్టెలోకి ఎత్తేసింది. పెట్టెకు తాడు కట్టింది. మోకాళ్ల నొప్పి కాబట్టి తనూ ఎక్కి కూర్చుంది.

"లాగు," అంది.

"ఓలే, తుపాను నేదే."

"నువ్వే గదా ఒస్తందన్నావట?"

"నేనా? ఎప్పుడూ?"

"మాటలొద్దు. లాగు."

తుపాను లేదని ఒప్పించాలంటే అసలు సంగతి చెప్పాలి. చెప్పడం కంటే లాగడం సులువు. కొండలు తాడు భుజానికి వేసుకుని తడి ఇసుక మీదుగా బయలుదేరాడు.

పది అడుగులు వేశాడో లేదో, వెనక ఒక మొరుగు వినబడింది. తిరిగి చూశాడు. నాలుగు రోజులుగా పిడికెడు పిడికెడుగా తిన్న కుక్కలు. ఈసారి పెట్టెడు నెత్తళ్ల వాసన పట్టాయి. పద్నాలుగున్నాయి. నల్లది ముందుంది.

ఆ తర్వాత జరిగింది షెల్టరు మెట్ల మీద నుంచి ఊరంతా చూసింది. ముందు కొండలు, లుంగీ ఎగ్గట్టి. వెనక తడి ఇసుక మీద జారుతూ ఐసు పెట్టె. అందులో అంచులు పట్టుకుని కాసమ్మ, జుట్టుముడి ఊడి, చీర గాలికి ఎగురుతూ. ఆ వెనక పద్నాలుగు కుక్కలు. అంత వేగంగా ఆ ఊళ్లో ఏదీ కదలడం ఎవరూ చూడలేదు.

కొండలు తాడు వదిలి మెట్లెక్కి గ్రిల్లును కరుచుకున్నాడు.

"కొండలు భాయ్, తుపాను ఎన్నింటికి?" అన్నాడు పూర్ణచంద్ర.

"తుపానేటి?"

"జోరుగా వస్తందన్నావు కదా?"

"నేనన్నాది కుక్కలు!"

పైడన్న ముందుకొచ్చాడు. "మరి శని, మావా?"

"శనేటిరా?"

"నల్లకుక్కకి మేపినావు గదా, మంత్రం సదువుతా."

కొండలు ఊరి జనం వైపు చూశాడు. ఇక దాగదని తెలిసింది. "నాకు కుక్కలంతే బయం రా. కాసమ్మ ఆ బండెక్కాలంది. అందుకని అలవాటు సేసుకుంతన్నాను."

అటుకులు నమిలే చప్పుడు మాత్రం వినబడింది.

కింద ఐసు పెట్టెలో కాసమ్మ అలాగే కూర్చుని ఉంది. చుట్టూ కుక్కలు తలలు దూర్చి తింటున్నాయి. ఆమె నల్లదాని చెవి వెనక గోకుతోంది.

"నీకు బయమని నాకు తెల్దేటి? పెళ్లిసూపులకొచ్చి, మా కుక్క తుమ్మితే అటకెక్కినావు. అందుకే బుదవారమే రింకితోటి సెప్పీసినాను. కుక్కలొద్దు, కొమ్ముల జింకల బండి రాయమని."

కొండలు మెట్టు మీద కూలబడ్డాడు. నాలుగు రోజులు, నలభై పడవలు. అయినా గుండెల మీద నుంచి లంగరు తీసినట్టయింది.

అప్పుడే కాసమ్మ ఫోను మోగింది. రింకి.

"అమ్మా, పేర్లు పంపించీనా? నువ్వూ నాన్నా, జింకల బండి. అంతే కదా?"

"ఉండే. ఆ జింకలు ఏపాటి పరిగెడతాయి?"

"పరిగెత్తవమ్మా. మెల్లగా నడుస్తాయి. నాన్నకి అదే మంచిది."

కాసమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఇంటి నుంచి షెల్టరు దాకా తడి ఇసుక మీద పెట్టె గీసిన చార ఒకటే గీతగా ఉంది. ఆమె ముఖంలో ఆ నవ్వును కొండలు పెళ్లినాటి తర్వాత చూడలేదు.

"అయితే జింకల మాట కొట్టీ. కుక్కలే రాయి," అంది.

"మరి నాన్న?"

కాసమ్మ కొండలు వైపు చూసింది. కొండలు కుక్కల వైపు చూశాడు. మళ్లీ ఆమె ముఖం చూశాడు.

"సరే," అన్నాడు.

మర్నాడు చమఖండి పడవలన్నీ వేటకు వెళ్లాయి. కొండలు పడవ కొండలు లేకుండానే వెళ్లింది; శని వల్ల కాదు, నెత్తళ్ల గంపతో అతనికి ఒడ్డున పని ఉంది.