కొత్త లాప్‌టాప్‌కు మొదటి సర్వీసు

ఆ రోజు చెన్నకేశవులు పెట్టుకున్న పని ఒక్కటే. అర్ధవీడు రైతు బాలయ్య మోటారుకు వైండింగ్ పూర్తిచేసి, మధ్యాహ్నానికల్లా సిద్ధంగా ఉంచడం. మార్కాపురంలో వాళ్ళ ఇంటి ముందుగదే దుకాణం. కాఫీ గ్లాసుతో అటు పోతూ పోతూ, కూతురు కావ్య బల్ల మీద పెట్టిన కొత్త లాప్‌టాప్ మీద అలవాటు కొద్దీ అరచెయ్యి ఆనించాడు. ముప్ఫై ఏళ్ళుగా మోటార్ల ఒంటి మీద చెయ్యేసి జ్వరం చెప్పే మనిషి. చెయ్యి చురుక్కుమంది.

"అమ్మా, ఇది కాలిపోతాంది!"

"ఏదో అప్‌డేట్ అయితాంది నాయనా. అయ్యేదాకా ఆపమాక. పదకొండుకు ఇంటర్వ్యూ దీంట్లోనే. సుమ కాడికి పోయి ఒకసారి ప్రశ్నలన్నీ చూసుకొని పదిన్నరకు వస్తా," అని కావ్య చెప్పులేసుకుంది.

ఇది ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం. రాకపోతే పిల్ల బెంగుళూరు హాస్టలుకు పోవాల్సిందే. ఆ మాట తలుచుకుంటేనే చెన్నకేశవులుకు ముద్ద దిగదు. అలాంటిది, నాలుగు రోజుల కింద వచ్చిన లాప్‌టాప్ కళ్ళముందే రొప్పుతోంది. లోపలి ఫ్యాను హోరు వంటింట్లోకి వినిపిస్తోంది.

గిద్దలూరులో కంప్యూటర్లు బాగుచేసే మేనల్లుడు రాజేష్‌కు ఫోన్ కొట్టాడు.

"పాతదైతే థర్మల్ పేస్టు ఎండిపోయింది అనుకోవచ్చు మామా," అన్నాడు రాజేష్. "లోపల చిప్పుకూ, వేడి లాగే రేకుకూ మధ్య పూస్తారు. గ్రీజు మాదిరి ఉంటది. కొత్తదానికి దాని జోలి అక్కర్లేదు. విప్పితే వారంటీ కూడా పోతది."

చెన్నకేశవులు చెవికి అందులో ఒక్క గ్రీజే దక్కింది. గ్రీజు సంగతి ఆయనకు ఇంకొకరు చెప్పాలా?

"కొత్త బండికి మొదటి సర్వీసులో ఆయిలు మార్చరా? ఇదీ అంతే. కంపెనీవాడు పూసిందాన్ని నమ్ముకుంటే అయినట్టే!" అని భార్య గురవమ్మకు వివరించి, బేరింగుల గ్రీజు డబ్బా, ఒక చెంచా తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెట్టాడే కానీ మూత తియ్యడానికి చెయ్యి రాలేదు. విప్పితే వారంటీ పోతుంది, విప్పకపోతే ఉద్యోగం పోతుంది. డబ్బా చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు.

మగడు అలా గిరగిరా తిరగడం గురవమ్మ పెళ్ళయ్యాక చూడలేదు. గోడవతల యేసుమణితో, "కంప్యూటరు కాలిపోతాందంట వదినా!" అంది. యేసుమణి వెంటనే కొడుకు విక్టర్‌ను తరిమింది. విక్టర్ కరెంటు పనివాడు. కాలిపోతోంది అన్నాక అడిగేదేముంది? వచ్చీ రాగానే మీటరు దగ్గర ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. ఇంట్లో ఫ్యాను ఆగింది, వైఫై ఆరింది. లాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద ఇంకా హోరుమంటోంది.

"కరెంటు తీసినా ఆడతాందే!" అని గురవమ్మ తడిగుడ్డ తెచ్చింది. ఆ గుడ్డ లాక్కునే హడావుడిలో చెన్నకేశవులు తన ఫోను మోగడం వినలేదు. గురవమ్మే తీసింది. అవతల బాలయ్య.

"ఆయన మాట్లాడే పరిస్థితిలో లేడు నాయనా, కాలిపోతాంది, అందరం దాని చుట్టే ఉండాము," అని చెప్పి పెట్టేసింది.

బాలయ్యకు తెలిసి చెన్నకేశవులు దగ్గరున్న వస్తువు ఒక్కటే, తన మోటారు. ఆయన చేలో మిరప నీళ్ళకు నోరు తెరుచుకుని ఉంది. బండి మీద ఎట్లా వచ్చాడో ఏమో, పదింపావుకు గుమ్మంలో దిగి, "నా మోటారు ఏది అన్నా?" అని కేకేశాడు. మోటారు మూలన క్షేమంగా కూర్చుని ఉంది. దాన్ని రెండుసార్లు తడిమి చూసుకున్నాక గాని ఆయనకు ఊపిరి ఆడలేదు. ఆ తర్వాత తనూ బల్ల దగ్గర చేరాడు.

టైము పదీ ఇరవై. అప్‌డేట్ అయిపోయింది. హోరు తగ్గలేదు. బ్యాటరీ సగానికి దిగింది.

"ఇంక లాభం లేదు. ఆపేసి విప్పుదాం," అన్నాడు చెన్నకేశవులు, ఇల్లు తాకట్టు కాగితం మీద వేలిముద్ర వేసే గొంతుతో. విక్టర్ దాన్ని ఆపి, సన్న స్క్రూడ్రైవర్ తీసి, లాప్‌టాప్‌ను జాగ్రత్తగా బోర్లించాడు.

అడుగున ఒక్క స్క్రూ లేదు. నున్నగా, నల్లగా ఉంది.

"ఏంది చిన్నాయనా, స్క్రూలే లేవు! కంపెనీవాళ్ళు అంతా అతికిచ్చినారే!"

"విప్పకుండా చేసినారు దొంగలు," అన్నాడు చెన్నకేశవులు, కోపంలో కొంత ఊరటగా.

బాలయ్య వంగి చూశాడు. వేలితో గీకాడు. తన మోటారు దగ్గరికి పోయి దాని కిందికి తొంగిచూసి వచ్చాడు.

"అన్నా, నా మోటారు కింద నువ్వు వేసిన రబ్బరూ ఇదీ ఒకటే మాదిరి ఉండాయే!"

చెన్నకేశవులుకు అప్పుడు గుర్తొచ్చింది. తన దుకాణం దాటి ఏ మోటారూ కింద రబ్బరు లేకుండా పోదు. అదరకుండా, చెమ్మ తగలకుండా ఉండాలిగదా. లాప్‌టాప్ వచ్చిన రోజు రాత్రి, కూతురి వస్తువు అనే ప్రేమకొద్దీ, మంచి లారీ ట్యూబు కొలతపెట్టి కోసి, సొల్యూషన్ పూసి, అంచులు కూడా కనబడకుండా తనే అతికించాడు.

తనే చివర పట్టి లాగాడు. చర్రుమని ఊడివచ్చింది. కింద స్క్రూలున్నాయి. స్క్రూల మధ్య గాలి ఆడటానికి జానెడు జల్లెడ ఉంది. ఫ్యూజు జేబులోంచి మీటరులోకి పోయింది. మళ్ళీ ఆన్ చేశారు. నిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. హోరు లేదు. అరచెయ్యి ఆనించాడు. కొత్తకుండలో నీళ్ళలా చల్లగా ఉంది. చెన్నకేశవులు గ్రీజు డబ్బాను కాలితో బల్ల కిందికి నెట్టి, తనూ పక్కనే కూలబడ్డాడు.

పదిన్నరకు కావ్య వచ్చింది. "ఇంత చల్లగా ఎట్లయింది? ఏం చేసినావు నాయనా?"

చెన్నకేశవులు బాలయ్య వైపు చూశాడు. రబ్బరు వెనకాల దాచుకుని బాలయ్య అన్నాడు, "మీ నాయన చెయ్యి పెట్టినాడమ్మా. వేడి పోయింది."

పన్నెండింటికి కావ్య గది తలుపు తెరుచుకుంది. "ఒకటో తారీఖు నుంచి చేరమన్నారు నాయనా. ఇంట్లోనే!" ఆ మాటకు చెన్నకేశవులు కళ్ళు తుడుచుకున్నాడు. పక్కవాళ్ళు చూస్తున్నారని కూడా అనుకోలేదు.

మధ్యాహ్నం వైండింగ్ పూర్తయ్యాక బాలయ్య మోటారు తీసుకుపోయాడు. దాంతోపాటు, విప్పకుండానే కంప్యూటరు బాగుచేసిన చెన్నకేశవులు కథ కూడా దారి పొడుగునా పంచుకుంటూ పోయాడు. మర్నాడు పొద్దున్నే దుకాణం ముందు వేడెక్కిన లాప్‌టాప్‌లు రెండు వచ్చి వరుసలో కూర్చున్నాయి.

చెన్నకేశవులు రెండింటినీ తిరగేసి చూశాడు. రబ్బరు లేదు. గిద్దలూరు రాజేష్ దగ్గరికి పంపించాడు.