బిషప్‌గారి కుర్చీ కేసు

మనిషి కనిపెట్టిన వ్యవస్థలన్నింటిలోకీ పరిపూర్ణమైనది ఇంగ్లండు కేథడ్రల్. అక్కడ ఎవరూ ఏ పనీ చెయ్యరు. కానీ ఆ చెయ్యకపోవడానికి కూడా ముందుగా ఒక ఉపసంఘం అనుమతి తీసుకుంటారు.

అంతటి క్రమశిక్షణ గల హెల్మ్‌బరీ కేథడ్రల్లో, ఆ శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు, బిషప్ కుర్చీ కనిపించడం లేదని తేలింది.

ఇది సామాన్ల సమస్య కాదు. బిషప్ కుర్చీ ఉన్న చర్చినే కేథడ్రల్ అంటారు. కుర్చీ లేకపోతే మిగిలేది ఒట్టి పెద్ద చర్చి. ఒట్టి చర్చికి డీన్ అనే పెద్ద ఉండడు, ఆయన కింద కానన్లనే పాదిరీలు ఉండరు, కానన్లకు ఉచితంగా ఇళ్ళుండవు. పైగా సాయంత్రం ఐదింటికి కొత్త బిషప్ విన్నిఫ్రెడ్ కోల్ గారు ఊరేగింపుగా వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి. (తన కేథడ్రల్లో బిషప్‌కు ఉన్న అధికారం అదొక్కటే. కూర్చోవచ్చు. లేవాలంటే డీన్‌ను సంప్రదించాలి.)

"బాగా చూశావా గ్లాడ్విన్?" అని అడిగాడు కానన్ ఆబ్రీ పినక్.

గ్లాడ్విన్ కేథడ్రల్ తలుపులూ తాళాలూ చూసే మనిషి. "చూశానండీ. కుర్చీ ఉండాల్సిన చోట లిల్లీ పూలున్నాయి. నిలువెత్తున. మధ్యలో దూరి చూడబోతే తుమ్ములొచ్చాయి."

"లిల్లీలు అక్కడికెలా వచ్చాయి?"

గ్లాడ్విన్ పైకప్పు వంక చూశాడు. "పూలు కదండీ. వస్తుంటాయి."

ఆబ్రీకి విషయం అర్థమైంది. కేథడ్రల్లో పూలు వాటంతటవి రావు. పూల సంఘం అధ్యక్షురాలు ఫిలిపా పెవరెల్ గారు తెస్తారు. ఆవిడ లిల్లీలకు అడ్డొచ్చినదేదీ ఉన్నచోట ఉండదు. వెనకటికి ఒక సైనికుడి సమాధి అడ్డొస్తే దాన్ని ఎందుకు తొలగించకూడదని లిఖితపూర్వకంగా అడిగారు. బైబిలు ప్రకారం హెల్మ్‌బరీలో దేవుడిది మొదటి స్థానం. పూల సంఘం నిబంధనల ప్రకారం కాదు.

అరగంటలో కదిలే వస్తువుల ఉపసంఘం అత్యవసరంగా సమావేశమై, ఆబ్రీని విచారణాధికారిగా వేసింది. ఆ పేరు ప్రతిపాదించింది కానన్ డెన్‌జిల్ స్టబ్స్.

"మన ఆబ్రీ ఇంతవరకు ఎవరినీ నొప్పించి ఎరగడు," అన్నాడు స్టబ్స్ చిరునవ్వుతో. "ఈ పని ఆయనకే తగును."

ఆ చిరునవ్వులో ఒక హత్య ఉంది. పాత డీన్ వసంతంలో పోయాడు. ఖాళీ అయిన పదవికి ఇద్దరు మిగిలారు, ఆబ్రీ, స్టబ్స్. ఇద్దరిలో ఎవరో ఆ రాత్రి విందులో కొత్త బిషప్ ప్రకటిస్తారు. పెవరెల్ గారి పేరు బయటపెట్టినవాడు ఆ విందు దాకా బతకడు. పేరేదీ చెప్పలేనివాడికి కార్యక్రమం చెడగొట్టిన కీర్తి దక్కుతుంది.

ఆబ్రీకి అరవై ఆరేళ్ళు. ఇదే ఆఖరి అవకాశం. అతని ఉద్యోగ జీవితం మొత్తం ఒక్క పాఠం మీద నడిచింది. కుర్రతనంలో, సముద్రం ఒడ్డున ఒక చెమ్మ పట్టిన చర్చిలో సహాయ పాదిరీగా ఉన్నప్పుడు, అప్పటి బిషప్ ఇంట్లో భోజనాల దగ్గర నోరు జారి దేవుడి ప్రస్తావన తెచ్చాడు. బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. బిషప్ భార్య మర్యాదగా వాతావరణం వైపు మాట మళ్ళించింది. ఆ ఒక్క వాక్యానికి ఎనిమిదేళ్ళు అదే చెమ్మలో ఉన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ పొరపాటు చెయ్యలేదు. "ఒక విధంగా చూస్తే" అని మొదలుపెట్టి "ఇంకో విధంగా చూస్తే" అని ముగించడం నేర్చుకున్నాడు. మోకాళ్ళ కింద వేసుకునే దిండ్ల చరిత్ర మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. దాంతో ఎవరికీ విభేదం లేకపోవడం వల్ల కానన్ అయ్యాడు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య హెస్టర్ వంటింట్లో కోటూ టోపీ వేసుకుని టీ తాగుతోంది. బయటికి వెళ్ళబోయి కాదు. కానన్ల ఇళ్ళలో వంటింటి దుస్తులు అవే.

"డీన్ ఇంట్లో ప్రతి గదికీ హీటర్ ఉంది ఆబ్రీ," అంది. "స్నానాలగదిలో కూడా. పరామర్శకు వెళ్ళినప్పుడు చెయ్యి పెట్టి చూశాను."

"పరామర్శకు వెళ్ళి హీటర్లు తడిమావా?"

"ఆయన పోయాడు కానీ హీటర్ పోలేదుగా. సరే, ఎవరి పేరు చెప్పబోతున్నావు?"

"ఒక విధంగా చూస్తే..."

"నా దగ్గర ఆ విధాలు వద్దు. ఫిలిపా పేరెత్తావో, మనం చచ్చేదాకా ఈ మంచులోనే. ఎత్తలేదో, అసలు కేథడ్రలే ఉండదు, ఇక డీన్ ఏమిటి? నలభై ఏళ్ళు ఏదీ తేల్చకుండా నెట్టుకొచ్చావు. ఇవాళ ఒక్క పేరు తేల్చలేవా?"

అప్పుడే ఫోను మోగింది. గ్లాడ్విన్.

"కుర్చీ దొరికిందండీ. ల్యాంబ్ పబ్‌లో ఉంది."

ల్యాంబ్ యజమాని డారెన్ మజ్ దాన్ని మంట పక్కన వేసి, పైన ‘పెద్దమనుషులకు మాత్రమే’ అని అట్ట తగిలించాడు. అందులో ఒక తాపీ మేస్త్రీ కూర్చుని బీరు తాగుతున్నాడు. చుట్టూ జనం వంతు కోసం నిలబడి ఉన్నారు. ఆ కుర్చీ చుట్టూ అంతమంది మనుషుల్ని ఆబ్రీ ఇంతకు ముందు చూడలేదు.

"నిన్న మీ పాత సామాన్ల అమ్మకంలోనే కొన్నాను పాదిరీగారూ," అన్నాడు డారెన్. "వరండాలో అట్టపెట్టెల పక్కన పెట్టారు. అమ్మిన పెద్దావిడ దిండు కూడా ఊరికే ఇచ్చింది. దొంగసొమ్మా ఏంటి?"

"కాదు. అది బిషప్ కుర్చీ. సూక్ష్మంగా చూస్తే ప్రస్తుతం మీ పబ్బే కేథడ్రల్."

డారెన్ మొహం పాలిపోయింది. "అమ్మ బాబోయ్. అంటే పైకప్పు బాగుచేయించడం నా మీద పడుతుందా?"

"పడుతుంది."

"తీసుకుపొండి. ఇప్పుడే తీసుకుపొండి. నా వ్యాన్‌లో వేసి నేనే దింపుతాను." మేస్త్రీ వైపు తిరిగి, "ఒరేయ్ గ్యారీ, లే. నువ్వు బిషప్పువి కాదంట."

"ఎవరన్నారు?" అన్నాడు గ్యారీ. కానీ లేచాడు.

నాలుగున్నరకి వ్యాన్ కేథడ్రల్ పడమటి తలుపు ముందు ఆగింది. అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే పద్నాలుగో నిబంధన అడ్డొచ్చింది. కేథడ్రల్ నుంచి బయటికి పోయిన వస్తువు తిరిగి లోపలికి రావాలంటే, అది ఎవరి వల్ల పోయిందో ఆ పేరు ఉపసంఘంలో పైకి చెప్పాలి. ఆ పేరుగలవారి తరఫున ఒక్క సభ్యుడు లేచి నిలబడినా ఆ పేరు చెల్లదు. (పూర్వం ఒక కొవ్వొత్తి స్తంభం విషయంలో ఇద్దరు కానన్లు ఒకరి పేరు ఒకరు చెప్పుకుని కత్తులు తెప్పించుకున్నారు. ఇద్దరూ కత్తి ఎత్తలేకపోవడంతో నిబంధన రాశారు.)

బయట వాన మొదలైంది. వ్యాన్‌లో తాళ్ళు కట్టిన కుర్చీ, మెట్ల దగ్గర గొడుగుల కింద బ్యాండు మేళం, నగర మేయరు. లోపల బల్ల చుట్టూ ఉపసంఘం. అధ్యక్ష స్థానంలో స్టబ్స్. ఆబ్రీకి ఎదురుగా పూల సంఘం ప్రతినిధిగా స్వయంగా పెవరెల్ గారు, ఒళ్ళో కత్తెరతో.

ఆబ్రీ చివరి క్షణం దాకా పెద్దవాళ్ళ జోలికి పోకూడదనుకున్నాడు. "తాళాలు చూసే గ్లాడ్విన్ ఏమరుపాటు కావచ్చు," అన్నాడు.

సంగీతం చూసే కానన్ చటుక్కున లేచాడు. ప్రార్థనల్లో ఏ కానన్ ఎప్పుడు నిద్రపోతాడో గ్లాడ్విన్‌కు తెలుసు.

"అయితే, పోయిన డీన్‌గారు వెళ్ళేముందు ఏదైనా ఆదేశం ఇచ్చి ఉండొచ్చు."

ఉపసంఘంలోనే ఉన్న డీన్ భార్య లేచింది. "బతికున్నప్పుడే ఆయన ఎవరికీ ఏ ఆదేశం ఇచ్చి ఎరగడు," అంది. అందరూ ఒప్పుకున్నారు.

"పిల్లి," అన్నాడు ఆబ్రీ నిస్పృహగా.

గిఫ్టు షాపు మేనేజరు కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. కేథడ్రల్ పిల్లి బొమ్మ వేసిన టీ కప్పులు అమ్ముడైనంతగా ఏసుక్రీస్తు బొమ్మవి అమ్ముడవవు.

గడియారం పావు తక్కువ ఐదు కొట్టింది. గ్లాడ్విన్ తలుపులోంచి తల పెట్టాడు. "బిషప్‌గారు వచ్చేశారండీ. వానలో నిలబడ్డారు. వ్యాన్‌లోకి ఎక్కి అందులోనే కూర్చోనా అని అడుగుతున్నారు."

"ఆబ్రీ, చెప్పండి," అన్నాడు స్టబ్స్ తేనె పూసినట్టు. "అసలు పేరు మీకు తెలుసుగా. మా అందరికీ తెలుసుగా."

పెవరెల్ గారి కత్తెర ఒకసారి తెరుచుకుని మూసుకుంది.

"సైతాను," అన్నాడు ఆబ్రీ.

సిద్ధాంతాలు చూసే కానన్ నొచ్చుకున్నాడు. "సైతాను లేడని పదేళ్ళ కిందట ఇదే గదిలో తీర్మానం చేశాం. మీరూ చెయ్యెత్తారు. లేనివాణ్ణి నిందించడం అన్యాయం." అని లేచి నిలబడ్డాడు.

ఆబ్రీ బల్ల చుట్టూ చూశాడు. ప్రతి మనిషికీ ఒక మనిషి ఉన్నాడు. చచ్చినవాడికి ఉంది, పిల్లికి ఉన్నాడు, లేనివాడికి కూడా ఉన్నాడు. అతనికి కావలసింది ఈ గదిలో తన తరఫున ఎవరూ లేనివాడు. ఏ ఉపసంఘంలోనూ సభ్యుడు కానివాడు. విందుకు పిలుపు అందనివాడు. ఎవరి తరఫున లేస్తే ఆయనతో పరిచయం ఉన్నట్టు నలుగురి ముందూ ఒప్పుకోవలసి వస్తుందో, అలాంటివాడు.

చెంచాలు ఆగిపోయిన ఆ పాత భోజనాల బల్ల గుర్తొచ్చింది. దాని వెనకే, స్నానాలగదిలో హీటర్ మీద ఆనిన హెస్టర్ చెయ్యి.

అతను లేచి గొంతు సవరించుకున్నాడు. ఉద్యోగ జీవితంలో మొట్టమొదటిసారి ‘ఒక విధంగా చూస్తే’ అనలేదు.

"దేవుడు," అన్నాడు.

పెవరెల్ గారు కత్తెర సంచిలో పెట్టుకున్నారు. స్టబ్స్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి సగం పైకి లేచాడు. అందరూ తనవైపే చూస్తున్నారని గమనించి, ప్యాంటు మడతలు సర్దుకుని మళ్ళీ కూర్చున్నాడు.

గదిలో ఏడుగురు పాదిరీలున్నారు. ఒక్కరూ లేవలేదు.