ముప్పయ్యో సెకను ఇల్లు

కొత్తపీతలంక దీపస్తంభంలో దీపం తిరగదు, దీవే తిరుగుతుంది. నిమిషానికి ఒక చుట్టు చొప్పున నూట నలభై ఏళ్లుగా తిరుగుతోంది.

స్తంభం ఎత్తు నూట పన్నెండు అడుగులు, మెట్లు నూట అరవై మూడు. స్కాట్లాండు దీవుల్లో ఇలాంటివి నాలుగు కట్టి వచ్చిన మక్రే దొర దీన్ని కట్టించాడు. రాయి, అద్దాలు, ఇత్తడి సామాను అన్నీ అక్కడి నుంచే ఓడలో వచ్చాయి. దీపాన్ని తిప్పే పళ్లచక్రం ఒక్కటి మాత్రం దించేటప్పుడు సముద్రంలో పడిపోయింది. ఇంకొకటి రావడానికి పద్నాలుగు నెలలు పడుతుందన్నారు. దొర పని ఆపే మనిషి కాదు. దీవి అడుగున ఇరుసు వేయించి, స్తంభం మొదట్లో గానుగలాంటి దూలం పెట్టించి, అనుకున్న తేదీకే దీపం వెలిగించాడు. పై అధికారులు వచ్చి చూసి, ఓడలకు తేడా తెలియడం లేదు కనుక సరే అన్నారు.

దీవి మీద అతిథి గృహంతో కలిపి అరవై ఇళ్లు, సెకనుకు ఒకటి. రేవు బల్ల మాత్రం దీవికి ఆనుకుని, ఒడ్డు వైపు నీళ్లలో నాలుగు గుంజల మీద కదలకుండా ఉంటుంది. దానికి సరిగ్గా అవతలి వైపు సముద్రం. బల్ల ఎదుటికి ఏ సెకనులో వస్తే అదే ఆ ఇంటి నంబరు. అతిథి గృహం సున్నా. కొత్త పెళ్లికూతురికి ముందు లెక్క నేర్పి పడవ ఎక్కిస్తారు, లేకపోతే పక్కింట్లో దిగుతుంది. వాస్తు చెప్పే ఆయన ఒకసారి వచ్చి, ప్రతి ఇల్లూ నిమిషానికోసారి తూర్పు ముఖమే అవుతుండటం చూసి, తిరుగు పడవ ఎక్కాడు. తుపాను వచ్చినా అంతే. కెరటం ఎవరి గుమ్మం ముందైనా అర నిమిషమే, మిగతా అర నిమిషం ఇంకొకరి ముందు.

దీవిని ఆపే బ్రేకు సంగాడి తాతయ్యలు చేతిలో ఉంటుంది. ఏడాదికి ఒక రోజు ఇరుసుకు గ్రీజు పెట్టడానికి ఆపుతారు. ఆ రోజంతా సముద్రానికి ఎదురుగా ఉండటం ఒక ఇంటి వంతు. ఏటా వంతు మారుతుంది. ముప్పై ఒక్క ఏళ్లలో తాతయ్యలు ఒక్క సెకను తప్పలేదు. ఆయన ఇల్లు ముప్పయ్యో సెకను.

జూన్‌లో దీపస్తంభాల శాఖ నుంచి ఆర్డరు వచ్చింది. తనంతట తానే తిరిగే కరెంటు దీపం బిగించినందున దీవి ఇక తిరగనక్కర్లేదు, పదిహేనో తేదీ ఉదయం పదకొండుకు శాశ్వతంగా ఆపాలి. ఇంజనీరు కమలాకర్ గారు ముందురోజే వచ్చారు.

"ఎక్కడాపమంటారండి?" అన్నాడు తాతయ్యలు.

"సున్నా దగ్గర. గెస్ట్‌హౌసు రేవుకి ఎదురుగా ఉండాలి కదయ్యా."

"అంటే సముద్రం వేపు ముప్పై వత్తాదండి."

"ఏదో ఒకటి రావాలిగా. ముప్పైలో ఎవరుంటారు?"

"నేనేనండి."

"మరీ మంచిది. వేరేవాళ్లయితే గొడవ చేసేవారు."

ఇంట్లో భార్య నూకరత్నం చేపలు తోముతూ అంతా విన్నది.

"ఒక్క పదిహేను సెకన్లు ఆలీసంగా నొక్కరాదా మావా? ఎవుడు లెక్కెట్టుకుంటాడు?"

"అప్పుడు సముద్రం నలభై అయిదుకి పోద్ది. అక్కడ మా అప్ప ఉంటాది గదే."

"ఉండనీ. ఆవిడికి ఈతొచ్చు."

"ముప్పై ఒక్క యేళ్ల సర్వీసే రత్నం. సెకను తప్పితే రికార్డులో పడద్ది."

"రికార్డులో నువ్వుండు. నీళ్లలో నేనుంటాను."

పదిహేనో తేదీ పదకొండింటికి తాతయ్యలు బ్రేకు నొక్కాడు. అతిథి గృహం గుమ్మం రేవు బల్లకు వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీరు గారు ప్రశంసాపత్రం ఇచ్చారు. వారం పాటు దీవి జనానికి కళ్లు తిరిగితే శాఖ మాత్రలు పంచింది.

జులైలో ముప్పయ్యో ఇంటి మెట్లు పోయాయి, ఆగస్టులో అరుగు పోయింది. నూకరత్నం అర్జీ పెట్టింది. సదరు ఇంటి ముందు సముద్రం ఉండటం కొత్త కాదని, నూట నలభై ఏళ్లుగా నిమిషానికోసారి ఉన్నదేనని, శాఖ కొత్తగా తెచ్చి పెట్టినది ఏమీ లేదని జవాబు వచ్చింది. మిగతా ఇళ్లవాళ్లు వచ్చి పలకరించారు. వంతు చాలా ఓపికగా చేస్తున్నారని మెచ్చుకున్నారు. నలభై అయిదులోని అప్ప ఇంత పులుసు కూడా తెచ్చింది.

తాతయ్యలు ఇప్పుడు తలుపు వెనకే కూర్చుంటాడు. పని లేదు గానీ లెక్క మానలేదు. ముప్పై అనగానే లేచి తలుపు తీస్తాడు. రేవు బల్ల రావలసిన చోట సముద్రం ఉంటుంది. సెకను తప్పలేదని తృప్తిపడి, తలుపు వేసి, ముప్పై ఒకటి అంటూ మళ్లీ మొదలుపెడతాడు.