పెద్దబండలపల్లె సంఘం ఒప్పుకున్న వైనం

పెద్దబండలపల్లె వేరుశనగ రైతుల సహకార సంఘంలోని ఏకైక కంప్యూటర్‌కు వైరస్ సోకిన సంగతి రెండువేల ఆరో సంవత్సరం నవంబరు పదమూడో తేదీ సోమవారం పొద్దున పదిన్నరకు అధికారికంగా ధ్రువపడింది. అనధికారికంగా అది నాలుగు రోజుల ముందే చైర్మన్ నాగసుబ్బయ్య కొడుకు పెండ్లి ఫోటోలతోపాటు పెన్‌డ్రైవులో కూర్చుని వచ్చింది. చైర్మన్ ఇంటి పెండ్లి నుంచి వచ్చినదాన్ని వైరస్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు గనుక, ఆ నాలుగు రోజులూ దానికి అతిథి మర్యాదలే జరిగాయి.

కోసిగి చుట్టుపట్ల కంప్యూటర్ ఉన్న సంఘం అదొక్కటే. అంతకుముందు కాగితాలుండేవి. వాటిని చెదలు తిన్నాయి. చెదలు తినలేని వస్తువు ఒకటి కావాలని తీర్మానించి కంప్యూటర్ తెచ్చారు. దాని ముందు కూర్చునే ఉద్యోగం మహిమది. ఆదోనిలో డిగ్రీ చదివిన పిల్ల. ఆ ఏడు వాన మొహం చూపలేదు. పంట పోయిన మూడువందల ముప్పై మంది రైతుల పేర్లు, సర్వే నంబర్లతో సహా, కంప్యూటర్‌లోకి ఎక్కించింది ఆమే. ఇరవైనాలుగో తేదీ శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా ఆ జాబితా పై ఆఫీసుకు చేరితే నష్టపరిహారం. చేరకపోతే బెంగళూరు. ఆ జాబితాలో మూడెకరాల శాంతయ్య ఒకడు. మహిమ తండ్రి. ఈసారి బెంగళూరు పోయి సిమెంటు మూటలు మోస్తే మనిషి తిరిగొచ్చినా నడుము తిరిగి రాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

వచ్చిన వైరస్ కూడా సామాన్యమైనది కాదు, చదువుకున్నది. జాబితాను ఎక్కడపడితే అక్కడ కొరకలేదు. 'అ' దగ్గర మొదలుపెట్టి, అక్షరక్రమం తప్పకుండా, ఆదివారం సెలవు పోను రోజుకు ముప్పై పేర్ల చొప్పున తినసాగింది. సోమవారం అంజినయ్య, ఆదెప్ప, ఈరన్న పోయారు. మహిమ వేళ్ల మీద లెక్క వేసుకుంది. శాంతయ్యది 'శ'. చివరాఖరు. జన్మలో ఏ పంక్తిలోనూ ముందు కూర్చోని మనిషికి ఇన్నాళ్లకు అది కలిసివచ్చింది.

జాబితాను ఇంకో పెన్‌డ్రైవులోకి ఎక్కించి చూసింది. వైరస్ ప్రేమకొద్దీ వెంట వెళ్లింది. అచ్చు తీద్దామంటే ప్రింటర్‌లో సిరా లేదు. సిరాకు మూడు కొటేషన్లు పిలిచి అప్పటికి రెండు నెలలు. అప్పుడామెకు ఆదోని బస్టాండులో కొన్న కంప్యూటర్ పత్రిక గుర్తొచ్చింది. పత్రికతోపాటు ఒక సీడీ ఉచితం. అందులో తెలుగు టైపు చేసేది, ఫైళ్లు మూట కట్టేది, పంచాంగం చూపేది, వైరస్‌ను చంపేది, అన్నీ పైసా లేకుండా వాడుకోదగ్గ సాఫ్ట్‌వేర్లు. మంగళవారం పొద్దున వైరస్‌ను చంపేదాన్ని పెట్టింది. తెర మీద పదకొండు పుటల షరతులు పరిచి, కింద 'ఒప్పుకుంటున్నాను' అని ఒక మీట చూపించి, అది వినయంగా నిలబడింది.

మహిమ నొక్కబోతుండగా వెనకనుంచి నాగసుబ్బయ్య గొంతు వినిపించింది.

"ఏమ్మా, ఒప్పుకునేకి నువ్వెవరు?"

"నేను కాదు సార్, ఊరికే నొక్కితే సాలు. అందరూ నొక్కేదే."

"ఊరికే నొక్కేకి ఇది సంఘం కంప్యూటరు. సంఘమంటే మూడునూర్ల ముప్పై మంది. వాళ్లంతా ఒప్పుకోకుండా నువ్వొక్కదానివి ఒప్పుకుంటే రేపు ఆడిట్‌లో ఎవరు నిలబడతారు? నేను."

మాట చట్టప్రకారం ఉంది. కంప్యూటర్‌తోపాటే వచ్చిన పేకాట మాత్రం ఎవరి ఒప్పుదలా అడగనందున చైర్మన్ చేతుల మీదుగా నిరాటంకంగా సాగుతూ వచ్చిందని గమనించాలి. ఆమె చాటుగా నొక్కకుండా మౌసును, ముందుజాగ్రత్తగా కీబోర్డును కూడా బీరువాలో పెట్టారు. బీరువాకు రెండు తాళాలు. ఒక చెవి నాగసుబ్బయ్య దగ్గర, రెండోది వైస్ చైర్మన్ మద్దిలేటి దగ్గర. ఇద్దరివీ రెండు వర్గాలు. కలిసి టీ తాగి పన్నెండేళ్లయింది. రోజూ పొద్దున ఇద్దరి సమక్షంలో బీరువా తెరిచి, జాబితాలో ఆనాటికి ఎందరు పోయారో తనిఖీ చేసి, మళ్లీ తాళం వేసేవారు. వైరస్ పనితీరు మీద అంత క్రమశిక్షణగల పర్యవేక్షణ జిల్లాలో మరెక్కడా జరిగి ఉండదు.

బుధవారం సర్వసభ్య సమావేశం. మహిమ షరతులను ఒక్కొక్కటిగా తెలుగు చేసి వినిపించింది. 'ఈ సాఫ్ట్‌వేర్ వలన కలుగు ఏ నష్టమునకు మేము బాధ్యులము కాము' అని రాగానే ముందు వరుసలో కూర్చున్న లక్ష్మక్క లేచింది. ఒకప్పుడు వేలిముద్ర వేసి రెండెకరాలు పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆనాటి నుంచి బస్సు టికెట్టు కూడా చదివించుకోకుండా పుచ్చుకోదు.

"ఇదేందప్పా, అచ్చం ఇన్సూరెన్సోళ్ల మాట మాదిరి ఉండాది?"

తర్వాతి షరతు ప్రకారం తగాదాలేమైనా వస్తే సముద్రాల అవతల ఏదో దేశంలోని కోర్టులో తేల్చుకోవాలట. ఆదోని కోర్టుకు తిరగడంతోనే చెప్పులరిగిన సభ్యులు దీనిమీద గంటన్నర చర్చించారు. ఆ ఊరికి నేరుగా బస్సుందా, గుంతకల్లులో మారాలా అన్నది తేలక ఆ అంశాన్ని వాయిదా వేశారు.

గురువారం అసలు చిక్కు వచ్చింది. 'గృహ వినియోగమునకు మాత్రమే ఉచితము' అని తొమ్మిదో పుటలో ఉంది. సంఘం ఆఫీసు గృహం కాదు. సభ స్తంభించింది. నాగసుబ్బయ్య మీసం దువ్వి, ఆఫీసును గృహం చేస్తే సరిపోతుందన్నాడు. అంతకు మించిన పాలనాదక్షత ఈ కాలంలో చూడలేము. మరునాడు పొద్దున్నే అయ్యవారిని పిలిపించి, గడపకు పసుపు పూసి, ఎరువుల బస్తాల నడుమ పొయ్యి రాజేసి పాలు పొంగించారు. ఒక మంచం, నీళ్ల కుండ, ఉట్టి అమర్చారు. ఇల్లు అన్నాక మనుషులుండాలని అటెండరు సంసారాన్ని తెచ్చి దింపారు. అటెండరు భార్య మానిటర్ మీద రవికెలు ఆరేసింది. ఇక అది గృహం కాదనే దమ్ము ఏ దేశపు కోర్టుకూ లేదు.

ఈలోగా వైరస్ తన పని తాను చేసుకుపోయి, శనివారానికి 'న' దగ్గరికి వచ్చింది. నాగసుబ్బయ్యకు హఠాత్తుగా కర్తవ్యం జ్ఞాపకమొచ్చింది.

"ఏం మద్దిలేటీ, తాళం చెవి తీ. నొక్కేద్దాం. రైతులు శానా ఇబ్బంది పడతాండారు."

మద్దిలేటి తాంబూలం నిదానంగా నమిలాడు. ఆయనది 'మ'. 'న' తర్వాత 'ప' ఉంది, 'బ' ఉంది. రెండు మూడు రోజులకు ఢోకా లేదు.

"తొందరేముంది సైర్మన్‌గారూ. షరతులు ఇంగా రెండు పుటలుండాయి. సదివించుకోకుండా ఒప్పుకుంటే లక్ష్మక్క ఊరుకుంటాదా?"

ఆ మధ్యాహ్నమే నాగసుబ్బయ్య పేరు, ఆయన పదిహేడెకరాలతో సహా, అంతర్ధానమైంది. మంగళవారం వైరస్ 'మ'ను సమీపించింది. ఈసారి తాళం చెవి పట్టుకుని మద్దిలేటి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నాగసుబ్బయ్య తన తాళంచెవిని ఇంట్లో మరిచిపోయాడు. వెతికిస్తున్నాడు. సాయంత్రం దాకా వెతికించాడు.

మహిమ ఇద్దరి కాళ్లూ పట్టుకున్నంత పని చేసింది. "సార్, మీ పేర్లు పోయినాయి గాని ఇంగా శానామందివి ఉండాయి. మా నాయన పేరుండాది. ఒక్క నొక్కుడు సార్."

"పోతే అందరివీ పోవల్లమ్మా" అన్నాడు నాగసుబ్బయ్య, సహకార ఉద్యమం సారాన్ని ఒక్క ముక్కలో చెబుతూ. "కొందరివి ఉండి కొందరివి పోతే ఊర్లో గొడవలైతాయి."

మద్దిలేటి తలూపాడు. పన్నెండేళ్లలో వాళ్లిద్దరూ ఒకమాట మీద నిలబడడం అదే మొదలు. చూసినవాళ్ల కళ్లు చెమర్చాయి.

ఇద్దరికీ పోగొట్టుకునేది ఇంకేమీ లేకపోవడంతో శుక్రవారం పొద్దున వర్గవైరం సమసిపోయింది. ఇద్దరూ ఒకే మౌసు మీద చేతులు వేసి సంయుక్తంగా ఒప్పుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. పదిన్నరకు బీరువా తెరిచారు. జాబితాలో మిగిలినవి ఇరవై పేర్లు. మొదటి పేరు శాంతయ్య. మహిమ మౌసు చేతికిచ్చింది. నాగసుబ్బయ్య గడియారం చూసుకున్నాడు.

"రాహుకాలం తగిలిందమ్మా. పన్నెండు దాకా ఆగు."

గంటన్నర ఆగారు. మహిమ తెరను చూస్తూ కూర్చుంది. శాంతయ్య పేరులో మొదట సర్వే నంబరు పోయింది, తర్వాత ఎకరాలు పోయాయి, ఆ తర్వాత మనిషి పోయాడు. ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని, జ్ఞాపకమున్న పేర్లు చేత్తో రాయడం మొదలుపెట్టింది.

పన్నెండు దాటి ఒక నిమిషానికి రెండు వర్గాల చేతులూ కలిసి ఒప్పుకున్నాయి. కొబ్బరికాయ కొట్టారు. ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌ను మూలమూలలా గాలించి, 'ముప్పేమీ లేదు, మీ కంప్యూటర్ సురక్షితం' అని పచ్చ అక్షరాలతో ప్రకటించింది. తినడానికేమీ మిగలక వైరస్ తన్ను తానే తిన్నదని తర్వాత కొందరు చెప్పుకున్నారు. సభ చప్పట్లతో మారుమోగింది. అటెండరు భార్య అందరికీ పాయసం పోసింది.

మూడున్నరకు జాబితా పెన్‌డ్రైవులో పై ఆఫీసుకు చేరింది. శీర్షికలు చక్కగా ఉన్నాయి, వరుస సంఖ్యలున్నాయి, కింద మొత్తం 'సున్న' అని ఉంది. పంపేముందు దానికి మహిమ తన కాగితం జత చేయబోతే నాగసుబ్బయ్య ఆపాడు. "కంప్యూటర్లో లేని పేరు రాస్తే దొంగ పేరైతాది తల్లీ. నీ ఉద్యోగం పోతాది." ఆ కాగితాన్ని ఆమె సోమవారం తానే బస్సెక్కి తీసుకుపోయి ఇచ్చింది. అక్కడివారు దాన్ని ఎంతో మర్యాదగా తిరిగి ఇచ్చారు.

పై ఆఫీసు మాత్రం సంఘం పనిని మెచ్చుకుంది. గడువుకు అరగంట ముందు జాబితా పంపిన సంఘం అదొక్కటే. జాబితాలో పంట పోయిన రైతు ఒక్కడూ లేడు గనుక ఆ ఊళ్లో కరువు లేదని నిర్ధారించి, ప్రశంసాపత్రం పంపింది. 'కోసిగి దాపున కరువెరుగని ఊరు' అని పేపర్లో పడింది. ఫోటోలో నాగసుబ్బయ్య, మద్దిలేటి భుజాల మీద చేతులు వేసుకుని నవ్వుతున్నారు. వారం తిరగకముందే చుట్టుపట్ల నాలుగు సంఘాల అధ్యక్షులు, కరువును పోగొట్టే ఆ సీడీ తమకూ కావాలని మహిమ దగ్గరికి వచ్చారు.

శాంతయ్య డిసెంబరు మొదటివారంలో బెంగళూరు రైలెక్కాడు. అక్కడ పని చూపించే మేస్త్రి బసవరాజు, ఆదోని వైపువాడే, పేరు రాసుకుంటూ ఊరడిగాడు. చెప్పాడు.

మేస్త్రి కలం ఆపాడు. "పేపర్లో సూస్తిని గదప్పా, మీ ఊర్లో కరువే లేదంట. మరి ఈడ నీకేం పని?"

శాంతయ్య సిమెంటు మూట నడుము మీదికెత్తుకున్నాడు.

"ఊర్లో పొద్దుపోక వచ్చినానప్పా."

బసవరాజు నమ్మాడు. ఆయన కూడా మనలాగే రోజూ పేపరు చదివే మనిషి.