లెక్కల టీచరుగారి మొదటి పీరియడు

బడి తెరిచే రోజు పొద్దున్న లెక్కల టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఆఫీసు గదికి వెళ్ళడం, తన నీలం పెన్‌డ్రైవ్‌లో ఉన్న టైంటేబుల్ ప్రింటు తీయడం, హెడ్మిస్ట్రెస్ చేత సంతకం పెట్టించి నోటీసు బోర్డుకి అంటించడం, తొమ్మిదింటికి మొదటి బెల్లు కొట్టేసరికి పదో తరగతి గదిలో సుద్దముక్క పట్టుకుని నిలబడటం.

ఆ చివరి ముక్క కోసం ఆమె పదకొండేళ్ళు ఎదురు చూసింది. బళ్ళో ఉన్న ఇరవై ఇద్దరు టీచర్లకీ టైంటేబుల్ వేసేది ఆమే. అందరూ వచ్చి, మొహమాటపెట్టి, మంచి మంచి పీరియడ్లు పట్టుకుపోయేవారు. పదో తరగతి లెక్కలకు మాత్రం ఆటల తర్వాత వచ్చే ఆఖరి పీరియడే మిగిలేది. చెమటలు కక్కుతూ, ఆవలిస్తూ, గడియారం కేసి చూసే నలభై మందికి త్రికోణమితి చెప్పడమూ గోడకు చెప్పడమూ ఒకటే. కిందటేడు పధ్నాలుగు మంది లెక్కల్లో తప్పారు. ఆ పధ్నాలుగు పేర్లూ ఆమెకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. అందుకే ఈసారి మొహమాటాన్ని గుమ్మం బయటే వదిలి, పదో తరగతి మొదటి పీరియడు ఆరు రోజులూ తనకే వేసుకుంది.

వేసుకున్నది పేరు కాదు, రంగు. ఒకప్పుడు ఆ కాగితంలో పేర్లే ఉండేవి. ఎవరి పేరు ముందొచ్చింది, ఎవరిది వెనకపడింది అని స్టాఫ్ రూములో మూడేళ్ళు జుట్లు పట్టుకున్నాక, విసిగిపోయి పేర్లన్నీ పీకేసి ఒక్కొక్కరికి ఒక్కో రంగు ఇచ్చింది. ఇంగ్లీషుకి ఆకుపచ్చ, డ్రిల్లుకి పసుపు, తనకి ఎరుపు. ఏ రంగు ఎవరిదో అడుగున చిన్న చిన్న గడుల్లో ఉంటుంది. రంగులకు ముందూ వెనకా లేదు కాబట్టి ఆ గొడవ అంతటితో ఆగింది.

ఆ పొద్దున్న ప్రింటరు మూలిగి, దగ్గి, కాగితాన్ని బయటికి నెట్టింది. అందులో ఎరుపు లేదు, పసుపు లేదు, ఆకుపచ్చ లేదు. ఇరవై రెండు రకాల బూడిద రంగు ఉంది.

"ఏమయ్యా! ఇలా రా!" అని ఆమె పెట్టిన కేకకు వరండాలో పావురాలు లేచిపోయాయి.

వచ్చినవాడు కంప్యూటర్ మాస్టారు. ఆమెకు స్వయానా మరిది. బళ్ళో మేడమ్ అనమని ఎన్నిసార్లు చెప్పినా వదినా అనే అంటాడు. అతనికి సలహా దగ్గులాంటిది, ఆపుకోలేడు. పాస్‌వర్డు పొడుగ్గా పెట్టుకో, ల్యాప్‌టాప్‌ని దిండు మీద పెట్టకు, ప్రతి ఫైలుకీ రెండు కాపీలుంచుకో అంటూ ఊళ్ళో వాళ్ళందరికీ చెబుతాడు. తన ఇంట్లో కంప్యూటర్ పేగులు మాత్రం మూడేళ్ళుగా భోజనాల బల్ల మీదే ఉన్నాయి.

"కంగారు పడకు వదినా. సెలవుల్లో ఈ కంప్యూటర్‌లో ఓపెన్ సోర్స్ సిస్టమ్ వేశాను కదా. ప్రింటర్ని నడిపే ప్రోగ్రాం ఇంకా పూర్తిగా లేదు. ప్రస్తుతానికి నలుపూ తెలుపే."

"రంగులెప్పుడొస్తాయి?"

"ఎవరో ఒకరు ఆ ప్రోగ్రాం రాయగానే."

"ఎవరు రాస్తారు?"

"ఎవరైనా రాయొచ్చు! అదే దీని గొప్పతనం. ఒక కంపెనీ దయాదాక్షిణ్యాల మీద బతకక్కర్లేదు."

"ఎవరైనా రాయొచ్చంటే ఎవడూ రాయలేదనేగా! పాత సిస్టమ్‌కి ఏం రోగం?"

"వదినా, అది బానిసత్వం."

"నీ స్వేచ్ఛ తగలెయ్య! నాకు ఎరుపు కావాలి!"

ఈ అరుపులు విని ల్యాబ్ బాబాయి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా సైన్సు ల్యాబులో సీసాలు కడుగుతున్న మనిషి. జేబులో పెన్ను లేకపోయినా స్క్రూడ్రైవర్ ఉంటుంది. ఏ యంత్రం ఆగినా, ఆఖరికి గోడ గడియారం ఆగినా, తప్పు దుమ్ముదేనని ఆయన సిద్ధాంతం. ఆయనా కంప్యూటర్ మాస్టారూ ఎదురుపడితే ఉప్పూ నిప్పూ.

"సాఫ్ట్‌వేర్ అంటే కంటికి కనపడేది కాదమ్మా. కనపడనిదాన్ని నేను నమ్మను. మెమరీ చిప్పు ఊడదీసి, దాని పళ్ళు రబ్బరుతో రుద్దితే అన్నీ వస్తాయి."

"బాబాయ్, మెమరీకీ ప్రింటరు రంగులకీ సంబంధమేంటి?"

"తలనొప్పికీ మలబద్ధకానికీ సంబంధం లేదూ? నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు. తప్పుకో."

తప్పుకోలేదు. ఒకరు కంప్యూటర్ డబ్బా మూత లాగుతుంటే ఇంకొకరు మూస్తున్నారు. లెక్కల టీచరు ఇద్దరి మధ్యా నిలబడి ఇద్దర్నీ తిడుతోంది. ఈ సందట్లో హెడ్మిస్ట్రెస్ వచ్చి, ట్రేలో ఉన్న కాగితం తీసుకుని, కళ్ళద్దాలు దొరక్క అలాగే సంతకం పెట్టి, ముద్ర కొట్టి అటెండరు చేతికిచ్చిన సంగతి ఎవరూ చూడలేదు. అటెండరు చురుకైనవాడు. ఆ చురుకుదనం ఏడాదికొకసారే వస్తుంది, అదీ అక్కర్లేని రోజున. ఐదు నిమిషాల్లో ఒక కాపీని నోటీసు బోర్డుకి అంటించి, ఇంకొకదాన్ని స్కాన్ చేసి పైఆఫీసుకు పంపేశాడు.

బెల్లు మోగింది. బోర్డు దగ్గర ఇరవై మంది గుమిగూడి ఎవరి బూడిదను వాళ్ళు వెతుక్కుంటుంటే లెక్కల టీచరు అప్పుడు చూసింది. ఎవరికి అనుకూలమైన బూడిదను వాళ్ళు పట్టుకుని బయల్దేరారు. ఏడో తరగతిలో ముగ్గురు దూరి, కుర్చీ కోసం పోట్లాడుకుంటున్నారు. తొమ్మిదో తరగతిలో ఎవరూ లేరు, పిల్లలు బల్లలెక్కి పండగ చేసుకుంటున్నారు. వాటి సంగతి తర్వాత అనుకుని ఆమె పదో తరగతి వైపు పరిగెత్తింది.

అక్కడ ఇంగ్లీషు మాస్టారు అప్పటికే కుర్చీలో కూర్చుని హాజరు పిలుస్తున్నాడు.

"మాస్టారూ, ఇది నా పీరియడు."

"అని ఎక్కడుంది మేడమ్? ఈ గడి చూడండి. అడుగున నా గడి చూడండి. రెండూ ఒకటే బూడిద."

"అది ముదురు. మీది లేత."

"నా కంటికి రెండూ ఒకటే. మీరు చెప్పేదానికి రుజువుంటే పట్రండి, లేచిపోతాను."

ఎరుపూ ఆకుపచ్చా బూడిదలోకి మారితే అక్కాచెల్లెళ్ళలా ఉంటాయని ఆమెకు ఇప్పుడు తెలిసింది. రుజువు కింద వదిలేసొచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఉంది. తెర మీద చూపిస్తే చాలు. ఆమె మెట్లు దిగి ఆఫీసు గదిలోకి వచ్చేసరికి మరిది తన ల్యాప్‌టాప్ ముందు చెమటలు తుడుచుకుంటున్నాడు.

"బాబాయి రుద్దిన రుద్దుడికి కంప్యూటర్ అసలు లేవట్లేదు వదినా. సిస్టమ్ మళ్ళీ మొదటినుంచీ ఎక్కించాలి. పెన్‌డ్రైవ్ రెడీ చేసేశా. అరగంటలో..."

"ఏ పెన్‌డ్రైవ్?"

"ఇక్కడే ఉందిగా, ఈ నీలం..."

అది వదినదేనని అతనికి అప్పుడు తట్టింది. అలా రెడీ చేసే ముందు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని అతను క్లాసులో ఏటా రెండుసార్లు చెబుతాడు.

"ఇంకో కాపీ ఏదయ్యా?" అంది ఆమె, చాలా మెల్లగా.

"సిస్టమ్ మార్చే ముందు ఇందులోంచి తీసి నీకిచ్చిన ఒక్క కాపీ... అదే ఇది."

ల్యాబ్ బాబాయి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, ల్యాబులో ఏదో పొంగుతోందని వెళ్ళిపోయాడు. లెక్కల టీచరుకి ఒళ్ళు మండిపోయింది. మరిది మీద కోపం, బాబాయి మీద కోపం, అందరికంటే ఎక్కువగా పదకొండేళ్ళు మంచిదాన్ననిపించుకున్న తన మీద కోపం. పధ్నాలుగు మంది తప్పిన పిల్లలు కళ్ళ ముందు నిలబడితే ఏడుపొచ్చింది. ఏడిస్తే వీళ్ళ ముందు లోకువైపోతానని పళ్ళు బిగించింది.

పది నిమిషాల్లో వరండా అంతా సంత అయింది. హెడ్మిస్ట్రెస్ వచ్చి చేతిబెల్లు మోగించింది.

"నోళ్ళు ముయ్యండి! ఏంటీ అల్లరి? కాగితం మీద నా సంతకముంది, ముద్రుంది, పైఆఫీసుకు వెళ్ళిపోయింది. ఒకసారి వెళ్ళిన టైంటేబుల్ ఏడాదిదాకా మారదు. ఎవరెక్కడున్నారో అక్కడే ఉండండి!"

ఇంగ్లీషు మాస్టారు చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు చూడగానే లెక్కల టీచరుకి కోపం చల్లారి ఒక ఉపాయం తట్టింది. బోర్డు దగ్గరికి వెళ్ళి కాగితం ఊడబీకి తెచ్చింది.

"నిజమే మేడమ్. మీరు సంతకం పెట్టిన కాగితం మార్చడానికి వీల్లేదు. మార్చక్కర్లేదు కూడా. చదివితే చాలు."

"చదవండి మరి!"

"ముందు ఇంకెవరైనా చదవగలరేమో అడగండి."

హెడ్మిస్ట్రెస్ కాగితం తీసుకుని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. ఇంగ్లీషు మాస్టారికిచ్చింది. ఆయన తన గడి చూపించబోయి, పక్క గడి కూడా అలాగే ఉండటంతో వేలు వెనక్కి తీసుకున్నాడు. కాగితం ఇరవై చేతులు మారి, సంతకం పెట్టినావిడ దగ్గరికే తిరిగొచ్చింది. తను చదవలేని కాగితం మీద సంతకం పెట్టానని ఇంతమంది ముందు ఒప్పుకోవడం ఆవిడకు ఇష్టం లేదు.

"ఆ రంగులు వేసింది ఆవిడే కదా. ఆవిడే చదువుతారు. ఆవిడ చదివిందే ఖాయం," అంది.

"వదినా, అసలు ఆ బూడిద నీకు మాత్రం ఎలా..." అని మరిది నోరు తెరిచాడు.

"మీ దగ్గర ఇంకో కాపీ ఉందా మాస్టారూ?" అందామె. మరిదిని మాస్టారూ అనడం అదే మొదటిసారి. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

లెక్కల టీచరు కళ్ళద్దాలు తుడుచుకుని, ఆరో తరగతి నుంచి వరసగా చదవడం మొదలుపెట్టింది. ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. ఎవరి పీరియడ్లు వాళ్ళకే, తను వేసినవి వేసినట్టే అప్పజెప్పింది. పదో తరగతి దగ్గరికొచ్చేసరికి వేలు మొదటి గడి మీద పెట్టి, "ఇది ఎరుపు. నాది. ఆరు రోజులూ," అంది. ఇంగ్లీషు మాస్టారు హాజరు పట్టీ తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

ఒక్కచోట మాత్రం ఆమె కాగితాన్ని వెలుతురుకి పెట్టి, మరిది ముఖం కేసి చూసి చదివింది. పదో తరగతికి ఆటల తర్వాత వచ్చే ఆఖరి పీరియడు, సోమవారం మొదలు శనివారం దాకా, కంప్యూటర్ మాస్టారిదేనని తేలింది.